బతికున్నవాళ్ళ చావు కాగితాలు

వ్యాపారంలో దిగేనాటికి నా దగ్గర ఉన్నవి నాలుగు. ఒక పాత ప్రింటింగ్ యంత్రం, ఒక కాగితాల కోత మిషను, సగం డబ్బా మైదా జిగురు, మా బాకర్జీ వీధిలో పోయినవాళ్ళ ఫొటోలున్న అట్టపెట్టె. మొదటి మూడూ అరిగిపోయినవే. నాలుగోదే అసలు పెట్టుబడి.

మా బల్గేరియాలో మనిషి పోతే గుమ్మానికి చావు కాగితం అంటిస్తారు. ఫొటో, పేరు, వయసు, కింద రెండు ముక్కల దుఃఖం. క్రైస్తవులకు నల్ల అంచు, ముస్లింలకు ఆకుపచ్చ అంచు. గుమ్మానికి, వీధి చివర చెట్టుకు, బస్టాపుకు, పుట్టిన ఊళ్ళో దుకాణం గోడకు. ఒక్కసారితో తీరదు. తొమ్మిదో రోజు, నలభయ్యో రోజు, ఆర్నెల్లకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటేటా. బతికున్నవాడు ఎప్పుడైనా కొట్టు మారుస్తాడు. పోయినవాడు మార్చడు. ఇరవై రెండేళ్ళు నేను ఆ నమ్మకం మీదే తిన్నాను. నా పేరు స్పాస్.

ఆ ఏడాది మే నెల నాలుగున మా వీధి పారుష్కక్క కొడుకు ఇలియా చనిపోయాడు. ఇరవై ఆరేళ్ళు. మునిసిపాలిటీ నాణ్యత పెంపు పథకం కింద ఒక కంపెనీ మా వీధి ముందు గోడలకే రంగులు వేయిస్తుంటే, పరంజా మీద మూడో అంతస్తు నుంచి పడ్డాడు. కాగితం రాయించడానికి వాళ్ళమ్మ నా కొట్టుకు వచ్చింది.

"రాయి. కంపెనీ పరంజా మీంచి పడి పోయాడు. నడుముకు బెల్టు ఇవ్వలేదు."

"అక్కా, చావు కాగితంలో ఇట్లాంటివి రాయరు."

"మరేం రాస్తారు?"

"మరువలేము అని. కన్నీళ్ళతో అని."

"కన్నీళ్ళు నావి. బెల్టు వాళ్ళది. రెండూ రాయి."

రాశాను. కొన్నవాళ్ళు కోరింది ఇవ్వడం నా పని.

తొమ్మిదో రోజు పొద్దున నేను కొట్టు తీస్తుండగా వీధిలోకి నీళ్ళ బండి వచ్చింది. నలుగురు మనుషులు, గొట్టాలు, ఇనుప గీకుడు బిళ్ళలు. వరసగా గుమ్మాల మీది కాగితాలన్నీ గీకడం మొదలుపెట్టారు. పదేళ్ళ కిందట పోయిన మేస్త్రీ, కిందటేడు పోయిన పసిపిల్ల, రాగి గిన్నెలు చేసే సబ్రీ భాయ్ భార్య, అందరూ ముద్దలై కాలవలోకి పోతున్నారు. పారుష్కక్క గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది.

"తప్పుకోమ్మా, తడుస్తావు" అన్నాడు గొట్టం పట్టుకున్నవాడు. వాడి గొంతులో జాలి ఉంది. చేతిలో మాత్రం గొట్టం ఉంది.

"తడవనీ."

వెనకనుంచి ఆ పథకం ఇంజనీరు గెరోవ్ వచ్చాడు. రాజధాని సోఫియా మనిషి, మాట మెత్తన. "పెద్దమ్మా, నీ దుఃఖం నాకు తెలుసు. కానీ జూన్ పన్నెండున నాణ్యత కమిటీ వస్తోంది. పర్యాటక నగరాల జాబితాలో మన ఊరు పైకి పోవాలి. పక్క ఊళ్ళతో పోటీ. పండక్కి వచ్చిన చుట్టానికి గుమ్మంలోనే శవాన్ని చూపిస్తామా?"

"నా కొడుకు శవం కాదు. బెల్టు లేనివాడు."

"వాడు తాగి పడ్డాడు. తోటి కూలీలు పదకొండు మంది సంతకాలు పెట్టారు."

ఇలియాను వీధిలో అందరూ 'బోజా' అని వెక్కిరించేవాళ్ళు. పొద్దున్నే చిన్నపిల్లలు తాగే బోజా అనే తియ్యటి ధాన్యపు జావ తప్ప గ్లాసులో ఇంకేదీ పోసుకునేవాడు కాదు. పెళ్ళిళ్ళలో బలవంతం చేస్తే టేబులు కింద దూరేవాడు. ఆ సంగతి గెరోవ్‌కు తెలియదు. సంతకాలు పెట్టిన పదకొండు మందికీ తెలుసు.

గెరోవ్ తల ఊపాడు. గొట్టం తెరిచారు. ఆవిడ భుజాల పక్కనుంచి, చంకల కిందనుంచి నీళ్ళు కొట్టి కాగితం ఊడగొట్టారు. మేం పదిహేను మందిమి చూస్తూ నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో కూడా చెప్పాలి. మా ఇళ్ళు మావి కావు. ఒకప్పుడు రాగి పనివాళ్ళ సంఘానికి కట్టించిన పదహారు ఇళ్ళు, ఇప్పుడు మునిసిపాలిటీవి. కొత్త అద్దె కాగితంలో ఒక షరతు పెట్టారు: ముందు గోడ మీద అనుమతి లేనిదేదీ కనపడకూడదు. మొదటిసారి హెచ్చరిక. రెండోసారి ఇల్లు ఖాళీ.

పారుష్కక్కకు మొదటిది అయిపోయింది.

మర్నాడు గెరోవ్ నా కొట్టుకు వచ్చాడు. బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. "స్పాస్ గారూ, చచ్చినవాళ్ళ మీద ఎన్నాళ్ళు బతుకుతారు? ఊరి పటాలు, హోటళ్ళ మెనూలు, సీసాల మీద అంటించే బిళ్ళలు, అన్నీ మీకే ఇస్తా. ఆర్నెల్ల పని. ఒక్కటే మాట. నల్ల అంచు కాగితం ఈ కొట్లోంచి బయటికి రాకూడదు."

బేరం ఆడకుండా ఒప్పుకున్నాను. నా జీవితంలో బేరం ఆడనిది అదొక్కటే. సిగ్గుపడే సరుకు కొనేటప్పుడు మనిషి ధర అడగడు.

మే నెలాఖరులో పారుష్కక్క వచ్చింది. నలభయ్యో రోజు కాగితం కావాలంది, జూన్ పన్నెండుకు. మా నమ్మకం ప్రకారం పోయినవాడు నలభై రోజులు ఇంటి చుట్టూనే తిరుగుతాడు. నలభయ్యో రోజున సెలవు తీసుకుంటాడు. ఆ రోజు గుమ్మం మీద వాడి పేరు లేకపోతే, ఏ ఇంటి నుంచి సెలవు తీసుకోవాలో వాడికి తెలియదు. ఆవిడ కోరేది అదొక్కటే. ఆ రోజు ఆ కాగితం, అందులో ఆ నిజం.

"యంత్రం చెడిపోయిందక్కా" అన్నాను.

నా వెనక యంత్రం గడగడా ఊరి పటాలు కక్కుతోంది. ఆవిడ దానివైపు చూసింది.

"అయ్యో పాపం, బాగా చెడిపోయింది" అని వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిడితే చెల్లు వేసుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం కేరా వచ్చింది. హోటల్ చాకిరేవులో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉడికి ఉంటాయి. నోరు అంతకంటే వేడి.

"అన్నా, నువ్వు చస్తే నీ కాగితం ఎవరు వేస్తారు?"

"కేరా, వ్యాపారం అన్నాక…"

"వ్యాపారమా! పారుష్కక్క బళ్ళో పిల్లల గళ్ళ నోటుబుక్కు చింపి తన చేత్తో రాసుకుంటోంది. రెండు అక్షరాలు తలకిందులు పడ్డాయి. కొడుకు ఫొటో కంపెనీ గుర్తింపు కార్డులోంచి కత్తిరించింది. ఆ కాగితం అంటిస్తే పన్నెండున ఇల్లు పోద్ది. అయినా అంటిస్తానంటోంది. ఆదివారం మధ్యాహ్నం సబ్రీ భాయ్ పెరట్లో కూర్చుంటున్నాం. వస్తే రా. రాకపోతే మెనూల్లో చేపల ధర చూసుకుంటా కూర్చో."

నేను వెళ్ళేవాణ్ణి కాదేమో. ఆమె పోయాక, కోపంలో, అచ్చయిన పటం ఒకటి తీసి చదివాను. పోయినవాళ్ళ పేర్లలో ఒక్క అక్షరం తప్పు పోనివ్వని నేను, వారం రోజులుగా వేస్తున్న ఆ పటం చదవనేలేదు. రంగులు సరిగ్గా పడ్డాయా అనే చూశాను. అందులో మా వీధి ఉంది. పదహారు ఇళ్ళూ ఉన్నాయి. ఇంటి నంబర్లు లేవు. పారుష్కక్క ఇల్లు 'వైన్ రుచి గది'. సబ్రీ భాయ్ కార్ఖానా 'చేతిపనుల ప్రదర్శన'. కేరా ఇల్లు హోటల్ గదులు. నా కొట్టు 'జ్ఞాపికల దుకాణం'. కింద చిన్న అక్షరాల్లో, వచ్చే వసంతం నుంచి. కాగితం అంటించినా అంటించకపోయినా మేమెవరమూ ఆ పటంలో లేము. నా చావు కాగితం నేనే నాలుగు రంగుల్లో అచ్చు వేసుకున్నాను.

ఆదివారం పెరట్లో యాభై మంది దాకా ఉన్నారు. వెళ్ళి పటం మధ్యలో పరిచాను. "నేనే వేశాను. చదవకుండా వేశాను" అన్నాను.

త్స్వెతాన లేచింది. ఆవిడ పై గది వచ్చేపోయే అతిథులకు అద్దెకిస్తుంది. "ఇప్పుడీ గొడవంతా ఎందుకు? అతిథులు వస్తేనే కదా నాలుగు మెతుకులు. వీధి శుభ్రంగా ఉంటే తప్పేంటి?"

"శుభ్రం తప్పని ఎవరన్నారే?" కేరా లేచింది. "రోజుకు వంద దుప్పట్లు శుభ్రం చేసేది నేను. ఊరికి నాణ్యత తెచ్చేది ఈ చేతులు. గోడకు రంగేసింది ఇలియా. ఆ నాణ్యతలో మనం మురికి కింద లెక్క. అదీ తప్పు. నీ ఇల్లు పటంలో ఏమైందో చూసుకున్నావా?"

త్స్వెతాన వంగి చూసింది. "మరుగుదొడ్లు…" అంది నెమ్మదిగా.

నవ్వొచ్చింది అందరికీ. ఆవిడకూ వచ్చింది. తర్వాత ఏడ్చింది.

సబ్రీ భాయ్ గడ్డం నిమురుకుంటూ అన్నాడు: "షరతు ఇంటికి రాశారు. ఒక ఇల్లు అంటిస్తే ఒకరిని తోస్తారు. పదహారూ ఒకే గంటలో అంటిస్తే?"

"అన్ని గుమ్మాలకూ ఇలియా ఫొటోయేనా?" అని ఎవరో అడిగారు.

మూల కూర్చున్న రైల్వే వెల్కో తాత కర్ర నేలకు కొట్టాడు. "నా గుమ్మానికి నా ఫొటో పెట్టండి. ఇల్లు ఖాళీ చేయించి ఊరవతల ఎనిమిదంతస్తుల డబ్బాలో పడేస్తే నేను వారం బతకను. చచ్చాక చూసుకోలేనుగా, ఇప్పుడే చూసుకుంటా!"

అలా తేలింది. పారుష్కక్క గుమ్మానికి ఇలియా. మిగతా పదిహేను గుమ్మాలకు మా ఫొటోలు మేమే.

పారుష్కక్క అడ్డు చెప్పింది. "నా కొడుకు కోసం మీరంతా చావక్కర్లేదు" అంది.

"నీ కొడుకు కోసం కాదక్కా" అంది కేరా. "వాడు మా అందరి కంటే ముందు పడ్డాడంతే."

మూడు రోజులు నా కొట్టు జాతరలా ఉంది. పటాల కోసం గెరోవ్ తెచ్చిన మంచి కాగితం మీదే వేశాను. సబ్రీ భాయ్ ఆకుపచ్చ అంచు కొంచెం మందంగా ఉండాలన్నాడు. త్స్వెతాన పాతికేళ్ళ నాటి ఫొటో తెచ్చింది. "ఆ జుట్టుతో ఎవతైనా చస్తుందా?" అంది కేరా. ఫొటో కింద పెద్ద అక్షరాల్లో పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో: 'ఇన్నేళ్ళూ ఈ వీధిలోనే బతికి, నాణ్యత పెంపు పథకంలో కన్నుమూశారు. అంత్యక్రియలు జూన్ పన్నెండు, పది గంటలకు, ఇంటి ముందే.' అలవాటు కొద్దీ ఒక్కొక్కరికీ పుట్టిన ఊరికి పంపే కాపీలు కూడా వేశాను. వాళ్ళూ అలవాటు కొద్దీ పట్టుకుపోయి, పదకొండునే బస్సు డ్రైవర్ల చేతికిచ్చారు. ఎవరికీ అనుమానం రాలేదు. చావు కాగితం అంటే ఊరికి పోవాలి, అంతే.

పన్నెండో తారీఖు పొద్దున ఎనిమిదింటికి, అందరూ చూస్తుండగా, నేనే జిగురు పూసి అంటించాను. పారుష్కక్క గుమ్మానికి చివరగా. ఆవిడ గళ్ళ కాగితం మడిచి రవికలో పెట్టుకుని, నేను వేసిన కాగితం తన అరచేత్తో నిమిరింది. యంత్రం బాగైందా అని అడగలేదు.

తొమ్మిదిన్నరకు మొదటి బస్సు వచ్చింది. తర్వాత రెండోది. నల్లబట్టలు కట్టుకుని, చేతుల్లో పోయినవాళ్ళకే ఇచ్చే సరిసంఖ్య పూలు, ఉడికించిన గోధుమల గిన్నెలు పట్టుకుని ఊళ్ళవాళ్ళు దిగుతున్నారు. మావాళ్ళు ఫొటో చూస్తారు, అంచు చూస్తారు. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు! గోధుమలు నానబోసి, బస్సెక్కేశారు. సబ్రీ భాయ్ చెల్లెలు శోకాలు పెడుతూ పెరట్లోకి దూరింది. సబ్రీ భాయ్ కుంపటి ముందు కాఫీ తాగుతున్నాడు. ఆమె ఒక్క క్షణం చూసి చెంప మీద ఫెడేలున కొట్టింది.

"రాత్రంతా ఏడ్చానురా, సచ్చినోడా!"

"సచ్చినోణ్ణేగా, మళ్ళీ కొడతావేం?"

వెల్కో తాతకు రైల్వేలో తోటివాళ్ళు ఇరవై మంది వచ్చారు. బాకా కూడా తెచ్చారు. పది గంటలకు వీధిలో నాలుగు వందల మంది. నవ్వులు, తిట్లు, కౌగిలింతలు. అప్పుడు కేరా ఒక కుర్చీ మీదకెక్కి, ఇది ఎవరి నలభయ్యో రోజో, ఎందుకీ కాగితాలో చెప్పింది. నవ్వులు ఆగాయి. ఎవరూ తిరిగి బస్సు ఎక్కలేదు. తెచ్చిన పూలన్నీ ఒక్కొక్కరూ వెళ్ళి పారుష్కక్క గుమ్మం ముందు పెట్టారు.

కమిటీ అప్పుడే వచ్చింది. ముగ్గురు. ముందు గెరోవ్. జనాన్ని చూసి అతని మొహం పాలిపోయింది, కానీ తెలివి పోలేదు. "ఇది మా జానపద ఆచారం. అతిథుల కోసం ప్రదర్శన" అన్నాడు వాళ్ళతో. కమిటీలో ఒకామె ఫోను తీసి ఫొటోలు తీయబోయింది.

పారుష్కక్క ఆమె చేతిలో గోధుమల గిన్నె పెట్టింది. "తిను తల్లీ. మా అబ్బాయి పేరు ఇలియా. బెల్టు ఇవ్వలేదు. తాగి పడ్డాడని రాశారు."

వీధి చివర ఇంకా పరంజా ఉంది. కంపెనీ పనివాళ్ళు దాని మీద నిలబడి అంతా చూస్తున్నారు. వాళ్ళలోంచి గెర్గిన్ అనేవాడు దిగి వచ్చాడు. పారుష్కక్క ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, సంతకం పెట్టినోళ్ళలో నేనొకణ్ణి. వాడు తాగలేదు. పొద్దున్నే కాగితం తెచ్చి, పెడితే పని, పెట్టకపోతే గేటు అన్నారు. ముగ్గురు పిల్లలు. పెట్టాను."

మేమంతా ఆవిడ కొడుతుందనుకున్నాం. గోధుమలు తీసి వాడి చేతిలో పోసింది.

"ఇదే మాట గట్టిగా చెప్పు."

వాడు పరంజా వైపు తిరిగి అరిచాడు. ఇంకో నలుగురు దిగారు.

గెరోవ్ ఫోను చేసినట్టున్నాడు, పోలీసులు వచ్చారు. ఆడవాళ్ళు గిన్నెలతో ఎదురెళ్ళారు. పోయినవాడి పేర ఇచ్చిన గోధుమలు వద్దనడం మా దగ్గర ఎవరి వల్లా కాదు. పోలీసులు లాఠీలు చంకలో పెట్టుకుని, అరచేతులు చాపి, తిని, తలలు దించుకుని "దేవుడు క్షమించుగాక" అన్నారు. తర్వాత మూతులు తుడుచుకుని మమ్మల్ని బండెక్కించారు. కేరాను, గెర్గిన్‌ను, నన్ను. వెల్కో తాత మిత్రుడు బాకా ఊదుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం దాకా జనం కదల్లేదట. పొద్దు గుంకేదాకా ఇలియా కాగితం గుమ్మం మీదే ఉందట.

మూడు రోజుల తర్వాత వదిలారు. ఆ తొమ్మిదో రోజు గీకుడునే అందరికీ హెచ్చరిక కింద లెక్కేసి, వేసవి పోకముందే ఏడు ఇళ్ళు ఖాళీ చేయించారు. మొదటిది పారుష్కక్కది. నా కొట్టు రెండోది. పదహారూ ఒకేసారి తోయడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

నవంబరులో, ఊరవతల ఎనిమిదో అంతస్తులో, పారుష్కక్క పోయింది. కొట్టు పోయాక యంత్రం కేరా వంటింట్లో ఉంది. అక్కడే ఆవిడ కాగితం వేశాను. ఆవిడ తమ్ముడి ఊరికి పంపాను. అతను దుకాణం గోడ మీద చూసి నవ్వాడట. "అక్క మళ్ళీ కంపెనీతో తగువేసుకుంది" అని, ఆల్‌బుఖారా పళ్ళ సారా కాచుకోవడానికి పోయాడట. ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. తొమ్మిదో రోజున నిజం తెలిసి వచ్చాడు. నా ముందు నిలబడి, "ఈసారి నిజమని ఒక్క ముక్క ఎందుకు రాయలేదయ్యా స్పాస్?" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు జనం నమ్మిన కాగితాన్ని మేం ఒక్క పొద్దుట ఖర్చు పెట్టేశాం. ఆ ఖర్చు ఆవిడ శవం మీద పడింది.

అతను రాకముందే జరిగిన అంత్యక్రియలకు మా వీధివాళ్ళం ఇరవై మందిమే ఉంటామనుకున్నాను. కొండ దారిలో వెనక్కి తిరిగి చూస్తే, రంగు మరకల బట్టలతో పరంజా కూలీలు వస్తున్నారు. పని ఆపి వచ్చారు. హోటల్ చాకిరేవు ఆడవాళ్ళు వచ్చారు. మట్టి వేశాక ఎవరూ ఇంటికి పోలేదు. అందరూ కలిసి కంపెనీ గేటు దగ్గరకు నడిచారు. బెల్టు లేనిదే ఎవరూ పైకెక్కరని గెర్గిన్ గేటు దగ్గర చెప్పాడు. తొమ్మిది రోజులు ఎక్కలేదు. పదో రోజున బెల్టులు వచ్చాయి. గెర్గిన్‌ను పనిలోంచి తీసేశారు.

ఇక మిగిలింది చెప్తాను. పోయినవి: ఇద్దరు మనుషులు, నా కొట్టుతో కలిపి ఏడు ఇళ్ళు, కాగితం మీద జనానికున్న నమ్మకం. ఊరు ఆ ఏడాది జాబితాలోకి ఎక్కలేదు, అది ఎవరి లెక్కలో వేయాలో నాకు తెలియదు. మిగిలినవి: తొమ్మిది ఇళ్ళు, ముప్పై ఎనిమిది బెల్టులు, కోర్టులో మళ్ళీ తెరిచిన ఇలియా చావు కేసు. ఇలియా తాగి పడ్డాడన్న కాగితం మీద పదకొండు సంతకాలు ఉండేవి. తొమ్మిది మంది వెనక్కి తీసుకున్నారు.

మిగతా ఇద్దరి ఇళ్ళకు ఆదివారం వెళ్తున్నాం.